రేగడినేలమీద చిన్నరైలు

నాగార్జునకొండ ద్వీపములోని ప్రదర్శనశాలను చూచినవారికి అందలి లోయ నమూనా జ్ఞాపకముండును. 1955 డిసెంబరు 10వ తేదీన నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగినది. దానితో ఇక్ష్వాకుల విజయపురి వెలసిన ఆ లోయ నీట మునుగుట నిశ్చయమైనది. 1954లో మొదలైన త్రవ్వకములు 1960 వరకు సాగినవి. ముఖ్యమైన కట్టడములను కొన్నింటిని విప్పి, కొండమీదికిని అనుపునకును తరలించి తిరిగి నిలిపినారు. ఏ స్తూపమునకు ఏ విహారము ఎంత దూరమున నుండెను, ఏటిగట్టు ఎచట నుండెను అను పొందికను మాత్రము తరలించుట సాధ్యము కాదు. కనుక దానిని చిన్న నమూనాగా చేసి ఉంచినారు. ఆ నమూనాను ఆటబొమ్మ అని ఎవరును అనరు. మునిగిన లోయకు అది సాక్ష్యము.

ఆ లోయను చూడవచ్చిన పండితులును యాత్రికులును చిరకాలము రైలు దిగిన తావు మాచర్ల. గుంటూరునుండి వారిని అచటికి తెచ్చినది మీటరుగేజి చిన్నరైలు. ఆ చిన్నరైలుబాట కూడ నేడు లేదు. దాని స్థానమున పెద్దబాట వచ్చినది. లోయకు చేసినట్లే ఆ రైలుబాటకును నమూనా చేయదలచినవారు అందు దేనిని భద్రపరుపవలెను? ఇంజను ఆకారమునా? పెట్టెల రంగునా? స్టేషను పెంకుటింటినా? ఇవన్నియు వలసినవే. కాని ఆ బండిలో ప్రయాణము చేసినవారిని అడిగినచో వీటికంటె ముందు మరియొకదానిని చెప్పుదురు. అది కుదుపు. ఆ కుదుపు ఎచటినుండి వచ్చినది, దానిని నమూనాలో చూపుట ఎట్లు, అసలు చూపుట ఎందులకు అనునవి ఈ ప్రసంగమునకు విషయములు.

రెండు పట్టాల నడుమనుండు దూరమును గేజి అందురు. మన దేశములో మొదట వేసిన పెద్దబాటలకు ఈ దూరము ఐదడుగుల ఆరంగుళములు. 1870 ప్రాంతమున మేయో ప్రభువు గవర్నరు జనరలుగా నున్నపుడు వ్యయమును తగ్గించుటకై ఒక మీటరు వెడల్పుగల బాటను, అనగా మూడడుగుల మూడంగుళములకు కొంచెము పైబడిన బాటను, వేయుటకు నిర్ణయించినారు. ఈ గేజిపై దేశములో మొదటి బండి 1873 ఫిబ్రవరి 14వ తేదీన ఢిల్లీనుండి రేవాడీకి నడచినది. ఇంతకంటెను సన్ననివి రెండున్నర అడుగుల బాటలు. తెలుగుసీమలో అట్టిదానికి ఉదాహరణముగా 1900లో నౌపడనుండి పర్లాకిమిడికి వేసిన బాటను చెప్పవచ్చును. మన వాడుకలో నారోగేజి అను పేరు ఈ సన్ననివాటికే చెల్లును. కాని ప్రపంచములో నమూనారైళ్లను చేయువారు నాలుగడుగుల ఎనిమిదిన్నర అంగుళములకు తక్కువైన బాటలన్నింటిని ఒకే కుటుంబముగా లెక్కింతురు. ఆ లెక్కన గుంటూరు మీటరుబాటయు ఆ కుటుంబములోనిదే.

గుంటూరుసీమకు రైలు వచ్చుటకు వెనుక రెండు కరవుల కథ యున్నది. 1832-33లో, నందననామ సంవత్సరమున, ఈ సీమలో వచ్చిన క్షామమును జనులు డొక్కల కరవు అని పిలిచినారు. సుమారు ఐదు లక్షల జనాభాలో రెండు లక్షలమంది ఆ కరవున మరణించినట్లు అంచనాలు గలవు. ధాన్యమున్న చోటునుండి లేని చోటికి చేర్చుటకు నాడు ఎడ్లబండ్లే ఆధారము. దూరము పెరిగినకొలది బండినిలాగు ఎడ్లకే మేతయు నీరును కరవగును. ఆ కరవు నేర్పిన పాఠములలో ఒకటి 1852-55 సంవత్సరములలో విజయవాడవద్ద కృష్ణకు కట్టిన ఆనకట్ట. కాని కాలువ పల్లమునకే పారును. నరసరావుపేట, వినుకొండ, మార్కాపురము మెట్టసీమలకు ఆ నీరు ఎక్కలేదు.

రెండవది 1876-78 నాటి మహాక్షామము. దీనిని ధాతకరవు అని మన పెద్దలు చెప్పుకొనెడివారు. మద్రాసు రాజధానిలో లక్షలకొలది జనము నశించినారు. 1880లో క్షామ విచారణసంఘము తన నివేదికలో, కరవుసీమలకు రక్షణగా రైలుబాటలను వేయవలెనని సిఫారసు చేసినది. ఈ ఆలోచనాక్రమములోనే 1882లో సదరన్ మరాఠా రైల్వే కంపెనీ ఏర్పడినది. బళ్లారి, కర్నూలు, గుంటూరు మండలముల గుండ కృష్ణాతీరమువరకు మీటరుబాటను నిర్మించుట దానికి వచ్చిన పనులలో ఒకటి. గుంతకల్లునుండి బయలుదేరి, నంద్యాలమీదుగా నల్లమలను దాటి, గిద్దలూరు, కంభము, మార్కాపురము, దొనకొండ, వినుకొండ, నరసరావుపేట, ఫిరంగిపురముల మీదుగా ఈ బాట గుంటూరునకు వచ్చినది. 1890 నాటికి కృష్ణ కుడిగట్టున తాడేపల్లిని చేరినది. 1893లో కృష్ణపై రైలువంతెన తెరచుటతో విజయవాడతో సంబంధము కలిసినది. పడమట ఈ బాటయే గోవాలోని మార్మగోవా రేవువరకు మీటరుగేజి మార్గమును కల్పించినది.

ఇచట ఒక ప్రశ్న కలుగును. కరవునుండి కాపాడుటకు వేసిన బాటను అంత సన్నముగా, తేలికగా ఎందుకు వేయవలెను? సమాధానము లెక్కలో నున్నది. ఉన్న ధనముతో గట్టిబాటను కొద్దిదూరము వేయవచ్చును. లేదా తేలికబాటను చాలదూరము వేయవచ్చును. కరవు కాలమున బాట తన ఊరిదాక వచ్చినదా లేదా అనునదే మనుజునకు ముఖ్యము గాని అది ఎంత మెత్తగా నడచునన్నది కాదు. కనుక రెండవ మార్గమును ఎన్నుకొన్నారు. గేజి తగ్గినచో మలుపులను బిగువుగా త్రిప్పవచ్చును, కొండలలో త్రవ్వకము తగ్గును, వంతెనలు సన్నగిలును, పట్టా తేలికగును. 1880 దశాబ్దపు మీటరుబాటలపై పట్టా బరువు గజమునకు నలభై పౌనుల చుట్టుపట్ల ఉండెడిది. నేటి పెద్దబాటలపై వేయు పట్టా మీటరునకు 60 కిలోగ్రాములు, అనగా గజమునకు సుమారు 120 పౌనులు. మూడింటిలో ఒకవంతు ఇనుముతో ఆనాటివారు పని జరుపుకొన్నారు.

ఈ పొదుపునకు మూల్యము లేకపోలేదు. రెండు గేజులు కలియు స్టేషనులలో సరకునంతను ఒక పెట్టెనుండి దింపి మరియొక పెట్టెలోనికి ఎక్కింపవలసి వచ్చెడిది. పత్తిబేళ్లు, మిరపకాయల టిక్కీలు, పొగాకు, పల్నాటి రాయి, అన్నియు హమాలీల వీపులమీదుగనే ఒక బాటనుండి మరియొక బాటకు దాటినవి. రైలు ధాన్యమును తెచ్చినట్లే, ధర ఎక్కువగా నున్న చోటికి ధాన్యమును తీసికొని పోయినదికూడ. పత్తికి దూరపుమార్కెట్టు దొరకిన కొలది జొన్నచేలు పత్తిచేలుగా మారినవి. కనుక ఈ బాటను కేవలము పుణ్యకార్యముగా వర్ణింపరాదు. కేవలము వ్యాపారముగా తీసివేయనురాదు. రెండును ఒకే పట్టాలమీద నడచినవి.

1908లో సదరన్ మరాఠా, మద్రాసు రైల్వేలు కలసి మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే అయినది. 1951 ఏప్రిలు 14వ తేదీన అది దక్షిణ రైల్వేలో లీనమైనది. 1966 అక్టోబరు 2వ తేదీన దక్షిణమధ్య రైల్వే ఏర్పడినది. 1930 ప్రాంతమునుండి సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి, రెంటచింతలల మీదుగా మాచర్ల శాఖ నడచినది. దొనకొండలో ఇంజనుల షెడ్డును, రైల్వే ఉద్యోగుల నివాసములును వెలసినవి. యజమానులు మారినను బాట స్వభావము మారలేదు. కుదుపు మిగిలియే యున్నది.

ఆ కుదుపునకు కారణములు మూడు. మొదటిది పట్టా. తేలికపట్టా చక్రము క్రింద ఎక్కువగా వంగును. చక్రము దాటినపిమ్మట తిరిగి లేచును. వేలసార్లు వంగి లేచినపుడు దాని క్రింది కంకర కొంచెము కొంచెముగా చెదరును.

రెండవది అతుకు. ఒక పట్టా 30 మొదలు 40 అడుగుల పొడవుండెడిది. రెండు పట్టాలను ఇరువైపుల ఫిష్‌ప్లేట్లతో బిగించెడివారు. అతుకువద్ద పట్టా బలము సగము విరిగినట్లే. చక్రము అచట దిగి ఎక్కును. ఆ దెబ్బకు అతుకు క్రింది స్లీపరు క్రుంగును. స్లీపరు క్రుంగినకొలది దెబ్బ పెరుగును. దెబ్బ పెరిగినకొలది స్లీపరు ఇంకను క్రుంగును. రైలులో మనకు వినబడు టకటక ధ్వని ఈ అతుకులదే. వేసవికి పట్టా సాగును గనుక అతుకువద్ద సందు విడువక తప్పదు. 12 మీటర్ల పట్టా 40 డిగ్రీల తేడాకు సుమారు 6 మిల్లీమీటర్లు పెరుగును. రెంటచింతల ఎండలు మన రాష్ట్రములో పేరుపొందినవి. ఆ ఎండకు సందు చాలనిచో పట్టా ప్రక్కకు వంకర తిరుగును.

మూడవది నేల. దీనిని గూర్చి గుంటూరు రైతునకు వేరుగా చెప్పనక్కరలేదు. రేగడినేల వాన పడినపుడు ఉబ్బును. ఎండకు కుంచించుకొని నెర్రెలు విచ్చును. పత్తివేరునకు తేమను దాచిపెట్టు గుణమే కట్టడమునకు శత్రువు. రేగడిలోని సన్నని బంకమట్టి రేణువులు నీటిని తమ పొరలనడుమ ఇముడ్చుకొనుట దీనికి కారణము. అట్టి మట్టితో పోసిన కట్టపై కంకర పరచి బాట వేసినచో, వానకాలమున మెత్తబడిన మట్టిలోనికి కంకర దిగబడును. దిగిన చోట గుంట ఏర్పడి నీరు నిలుచును. బండి పోవునపుడు ఆ నీరు బురదయై స్లీపర్ల సందులనుండి పైకి చిమ్మును. మరల వేసవి వచ్చును. కట్ట నెర్రెలు విచ్చును. ఒక ప్రక్క పట్టా క్రుంగును. ఇసుకయో, గరుసో మందముగా పరచి, దానిపై కంకర వేయుట దీనికి మందు. కాని మైళ్లకొలది అట్లు చేయుట ఖర్చుతో కూడిన పని.

అయితే బాట అంతయు ఒకే తీరున కుదుపలేదు. నరసరావుపేట, సత్తెనపల్లి ప్రాంతములలోని రేగడిపై ఒక తీరు. రాతిపొర పైకి తేలిన పల్నాటి మెట్టలపై మరియొక తీరు. పలకలకు పేరుపొందిన మార్కాపురమువైపు నేల గట్టిది. నల్లమలలో మలుపుల ఒరపిడి ఎక్కువ. వంతెనకు రెండువైపుల కట్ట క్రుంగును గాని వంతెన క్రుంగదు. కనుక వంతెన ఎక్కునపుడొక కుదుపు, దిగునపుడొక కుదుపు తప్పవు. ఏ కుదుపునకును కారణము లేకపోలేదు. చరిత్ర తెలిసినవానికి బాటలోని ప్రతి పల్లమును ఒక వాక్యమువలె చదువ వీలగును.

ఇన్ని కారణములుండియు బండ్లు ఏటికేడాది నడచినవనగా దానికి కారకులు గ్యాంగు కూలీలు. కొన్ని మైళ్లకు ఒక గ్యాంగు, దానికొక మేస్త్రి, ఉదయముననే బాటవెంట నడచి వదులైన బోల్టులను బిగించు కీమాన్, పైన ట్రాలీపై వచ్చి తనిఖీచేయు ఇన్‌స్పెక్టరు. క్రుంగిన చోట గడ్డపారలతో పట్టాను ఎత్తి, బీటరులతో కంకరను స్లీపరు క్రిందికి కూరి, కంటితో మట్టము చూచి సరిచేయుట వారి దినచర్య. మేస్త్రి వంగి, పట్టాకు చెంప ఆనించి, ఒక కన్ను మూసి దూరము చూచెడివాడు. ఆ చూపే వారికి కొలబద్ద. వాన వచ్చి ఆ పనిని చెరపును. వారు మరల చేయుదురు. కనుక మనకు మిగిలిన కుదుపు అజాగ్రత్త గుర్తు కాదు. తేలికపట్టా, రేగడినేల, మనుష్యశ్రమ, ఈ మూడింటి నడుమ ప్రతిదినము జరిగిన బేరము అది.

ఇక నమూనా విషయమునకు వత్తము. కుదుపుబాటను నమూనాలో చూపు విద్య ఎక్కువగా పెరిగినది అమెరికాలో. కొలరాడో కొండలలోని రియో గ్రాండ్ సదరన్ రైల్వే 1891లో పూర్తియైన మూడడుగుల బాట. వెండిగనుల కొరకు వేసినది. గనులు దెబ్బతినుటతో మరమ్మతునకు డబ్బు లేక బాట మిక్కిలి చెడినది. 1931 మొదలు మోటారుకారు భాగములతో చేసిన చిన్నబండ్లను దానిపై నడపినారు. అవి అటునిటు ఊగుచు పోవుట చూచి జనులు వాటికి పరుగెత్తు బాతులు అని అర్థమిచ్చు పేరు పెట్టినారు. 1950 దశాబ్దపు ఆరంభమున ఆ బాటను ఎత్తివేసినారు. ఆ పిమ్మట దానిని నమూనాగా చేయువారు పెరిగినారు. నున్నని పట్టాపై ఆ బండిని నడపినచో అది ఆ బండివలె కనబడదని వారు గ్రహించినారు. మన దేశములోను పుణెలో 1998లో తెరచిన జోషీవారి చిన్నరైళ్ల ప్రదర్శనశాల ఈ కళకు పేరుపొందినది.

కొలతలతో ఆరంభింతము. నమూనారైళ్లలో విరివిగా వాడుకలో నున్న కొలత 87లో 1వ వంతు. ఆ కొలతకు మీటరుబాట పదకొండున్నర మిల్లీమీటర్లగును. పన్నెండు మిల్లీమీటర్ల పట్టాలతో దానిని చేయుచున్నారు. 12 మీటర్ల పట్టా 138 మిల్లీమీటర్లగును. కనుక నమూనాలో జానెడులో సగమునకు కొంచెము పైబడిన దూరమున ఒక్కొక్క అతుకు రావలెను. నిజపుబాటలో అతుకు అరంగుళము క్రుంగినదనుకొందము. అది ప్రయాణికుడు బాగుగా గుర్తింపగల పల్లము. నమూనాలో అది 0.15 మిల్లీమీటరు మాత్రమే. పోస్టుకార్డు మందమైనను లేదు! అంత చిన్న పల్లము కంటికి ఆనదు. కనుక కొంత అతిశయము తప్పదు. రెండు మూడు రెట్లు పెంచిన పల్లము చూపునకు సరిగా నుండును. పది రెట్లు పెంచినచో అది హాస్యమగును.

చేయు పద్ధతి కష్టమైనది కాదు. పట్టాల క్రింద పరచు బెండుపలకను అతుకుల తావులలో ఆకురాతితో కొద్దిగా అరగదీయవలెను. లేదా అతుకుల నడుమనున్న స్లీపర్ల క్రింద పలుచని కాగితపు ముక్కలను పొరలుగా పెట్టి లేపవలెను. స్లీపర్లను ముందుగానే కొన్నింటిని పొట్టిగా, కొన్నింటిని చివర చీలినవిగా, కొన్నింటిని కొద్దిగా ఏటవాలుగా అమర్చవలెను. పట్టాను నేలపై బిగించుటకు ముందు వ్రేళ్లతో మెల్లగా వంచవలెను. ఇనుపకొనతో గట్టిగా నొక్కినచో వంపు బదులు మడత వచ్చును. ఉక్కుపట్టా ఎపుడును మడతపడదు. అది సాగి వంగును. అన్నింటికంటె ముఖ్యమైన నియమము ఒకటి గలదు. పట్టాలు పైకిక్రిందికి, కుడియెడమలకు కదలవచ్చును గాని వాటి నడుమ దూరము కదలరాదు. గేజి చెడినచో బండి పడిపోవును. గ్యాంగు మేస్త్రియు ఈ నియమమునే పాటించెడివాడు.

ఇచట మనవారు అమెరికా పద్ధతిని యథాతథముగా అనుకరింపరాదు. అచట ఎడమపట్టా అతుకునకు ఎదురుగా కుడిపట్టా నడిభాగము వచ్చునట్లు వేయుదురు. అందువలన ఒకసారి ఎడమచక్రము, ఒకసారి కుడిచక్రము పల్లమున దిగి, పెట్టె ప్రక్కలకు ఊగును. బాతునడక అను పేరు వచ్చుటకు అది యొక కారణము. మన దేశములో తిన్ననిబాటపై రెండు పట్టాల అతుకులను ఎదురెదురుగా ఉంచుట వాడుక. కనుక మన పెట్టె ప్రధానముగా ముందువెనుకలకు తలయూపును. ప్రక్కయూపు వచ్చినదనగా అచట ఒకవైపు కట్ట క్రుంగినదని అర్థము. అమెరికా పుస్తకము చూచి మాచర్లబాటకు బాతునడక నేర్పినచో, పల్నాటివానిచేత పరాయిభాష మాటాడించినట్లగును.

కుదుపుబాటపై బండి నిలుచుటకు పెట్టెల నిర్మాణములోను జాగ్రత్త వలెను. నాలుగుకాళ్ల పీట ఎగుడుదిగుడు నేలపై ఊగును. ముక్కాలిపీట ఎచటనైనను నిలుచును. ఈ సూత్రము ననుసరించి పెట్టె ఒక చివరను రెండుచోట్ల, రెండవ చివరను నడుమ ఒక్కచోట ఆన్చినచో చక్రములన్నియు పట్టాను విడువవు. విద్యుత్తుతో నడచు ఇంజనునకు ఇది మరింత అవసరము. చక్రము లేచినచో కరెంటు తెగి ఇంజను నడిబాటలో ఆగిపోవును.

మరియొక చిక్కు కాలమునకు సంబంధించినది. గడియారపు లోలకమును పొట్టిచేసినచో అది వేగముగా ఊగునని మనకు తెలియును. వస్తువును 87వ వంతునకు తగ్గించినపుడు దాని ఊపు తొమ్మిది రెట్లకు పైగా త్వరపడును. పెద్దపెట్టె ఏనుగువలె నిదానముగా ఊగును. చిన్నపెట్టె చీమ కుట్టినట్లు వణకును. దీనిని పూర్తిగా నివారించుట అసాధ్యము. అయినను పల్లమును లోతు తగ్గించి పొడవు పెంచినచో, పెట్టె అడుగున సీసపుముక్కను ఉంచినచో, బండిని మెల్లగా నడపినచో వణకు తగ్గి ఊపు వచ్చును. చిన్నరైలు వేగముగా పోవునది కానేకాదు గనుక మెల్లని నడక చరిత్రకును సరిపోవును.

ఈ పనిముట్ల నేర్పుకంటె ముఖ్యమైనది విచక్షణ. తెలియనివారు బాట పొడవునా ఒకే తీరున గతుకులు పెట్టుదురు. ముందు చెప్పిన కారణములను తెలిసినవారు అట్లు చేయరు. రేగడికట్టపై అతుకులవద్ద పల్లములు, ఒక ప్రక్క కొంచెము క్రుంగు, కంకరలో నల్లని బురదమరకలు ఉంచుదురు. వంతెనకు ఇరువైపుల ఒక్కొక్క దిగుడు ఉంచి, వంతెనను తిన్నగా విడుతురు. రాతినేలపై బాటను దాదాపు సరిగనే వేయుదురు. స్టేషనులోని ముఖ్యమైన బాట బాగుగా నుండును. గూడ్సుషెడ్డు ప్రక్కబాట మట్టిలో సగము కప్పబడి యుండును. ఆ మట్టిలో రాలిన మిరపతొక్క ఎరుపును, ముళ్లకంచెకు తగులుకొన్న పత్తిపింజయు ఈ సీమ సంతకములు. ఒక తావున కొత్త కంకర, ఎత్తిపెట్టిన గడ్డపార, వంగి చూచుచున్న మేస్త్రిబొమ్మ ఉంచినచో కథ పూర్తియగును. కొండపల్లి బొమ్మలవారు మనుష్యుని అతని పనిచేయు భంగిమతో సహా చెక్కుదురు గదా! బాటయు తన పనిచేయు భంగిమలోనే కనబడవలెను.

కొందరు దీనికి ఆక్షేపణ చెప్పవచ్చును. చెడిన బాటను శ్రమపడి చెడినట్లు చేయుటలో అందమేమున్నది, మన ఊరిబాటను లోకమునకు గతుకులబాటగా చూపుట మనకు చిన్నతనము కాదా అని. నున్నని బాట కంటికి ఇంపుగా నుండుమాట నిజమే. కాని అది గుంటూరుబాట కాదు. ఏ ఊరిబాటయు కాదు. నున్నని బాటను చూచిన బాలునకు గ్యాంగు మేస్త్రి ఎందుకో తెలియదు. రేగడి గుణము తెలియదు. తేలికపట్టాను ఏల ఎన్నుకొన్నారో, దాని వెనుక ఏ కరవులున్నవో తెలియదు. కుదుపును తుడిచివేసినచో దానితో పోరాడినవారినికూడ తుడిచివేసినట్లే. అట్లని గతుకులను మితిమీరి పెంచి నవ్వులాటచేయుటయు అన్యాయమే. ఏనాడును నిలువలేని బాటగా చూపినచో, అది వందేండ్లు జనులను మోసిన సత్యము మరుగగును. కుదుపుచునే ప్రతిదినము నిలిచిన బాట అది. నమూనాలో ఈ రెండును కనబడవలెను.

1992లో దేశమంతటను ఒకే గేజి ఉంచుటకు నిర్ణయము జరిగినది. ఆ దశాబ్దములో గుంటూరు, గుంతకల్లుల నడుమ మీటరుబాటను పెద్దబాటగా మార్చినారు. మాచర్ల శాఖయు పెద్దగేజికి మారినది. నల్లమలలో బాట మరియొక దారి పట్టుటతో దొరబావి వంతెనకును, పాత బొగద సొరంగమునకును పని ముగిసినది. పత్తిబేళ్లును మిరపటిక్కీలును గేజి మారుటకై నడుమ దిగనక్కరలేక దూరదేశములకు పోవుచున్నవి. 2003 ఏప్రిలు 1వ తేదీన గుంటూరు డివిజను ఏర్పడినది. ఈ మార్పువలన ప్రజలకు కలిగిన మేలు ఎక్కువ. దానిని గూర్చి చింతింపవలసినది లేదు.

చింతింపవలసినది మరియొకటి గలదు. ఇంజనులు కొన్ని ప్రదర్శనశాలలకు చేరును. స్టేషనుల ఛాయాచిత్రములు మిగులును. ఒప్పందపత్రములు దస్తరములలో ఉండును. బాట కుదుపును మాత్రము ఏ దస్తరమును దాచదు. అది ఎక్కినవారి ఒడలికిని, మరమ్మతుచేసినవారి చేతులకును మాత్రమే తెలిసిన చరిత్ర. ఆ తరమువారు మన ఇండ్లలో ఇంకను కొందరున్నారు. ఏ వంతెనవద్ద చెంబులోని నీరు తొణికెడిదో, ఏ స్టేషను దాటినపిమ్మట బండి నిదానించెడిదో వారు చెప్పగలరు. బల్లమీద చిన్నరైలు వేయదలచిన యువకులు ముందుగా వారి ప్రక్కన కూర్చుండి, ఆ తావులను కాగితముపై గుర్తువేసికొనవలెను. బెండుపలకయు, ఆకురాయియు, కాగితపు ముక్కలును ఆ తరువాతి పని.